విశాఖరేవు - దాని కాపరులు

సింహాచల యాత్రకో, బంధువుల యింట శుభకార్యమునకో విశాఖపట్టణము పోయివచ్చిన సోదరీమణులు మా పాఠకురాండ్రలో ననేకులు గలరు. సాయంకాలము సముద్రతీరమున నిలిచి, దూరమున నల్లని చుక్కలవలె కానవచ్చు ఓడలను పిల్లలకు చూపి మరలివచ్చుట వాడుక. ఆ ఓడలు అచ్చట నేల నిలిచియున్నవి, అవి లోనికి పోవు దారి యేది, ఆ దారిని చేసినవారెవరు, రాత్రింబవళ్ళు కాచుచున్నవారెవరు అని పిల్లలడిగినచో బదులు చెప్పగలవారు మాత్రము తక్కువ. ఇవి యెల్ల పురుషుల సంగతులనియు, మనకు వానితో పనిలేదనియు తలచువారు నేటికిని కలరు. మా యభిప్రాయము వేరు. రేవనునది యొకసారి కట్టి విడిచిపెట్టిన కట్టడము కాదు. ఇంటివలెనే దానిని దినదినము ఊడ్చుకొనవలెను, సవరించుకొనవలెను, కాచుకొనవలెను. ఒకనాడు ఏమరినచో మరునాటికి పని రెండింతలగును. ఈ మర్మము ఇల్లు దిద్దుకొను స్త్రీలకు తెలిసినంతగ మరెవరికి తెలియును?

విశాఖకు దక్షిణమున నొక పెద్దకొండ సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. డాల్ఫిన్ అను జలచరపు ముక్కును పోలియున్నదని ఆంగ్లేయులు దానికి 'డాల్ఫిన్స్ నోస్' అని పేరిడిరి. నైరృతి ఋతుపవనములు వీచు దినములలో అలల తాకుడును ఈ కొండయే తన మేనిపై కాచుకొని, వెనుకనున్న నీటిని నెమ్మదిగ నుంచును. దాని కెదుట ఉత్తరపు గట్టున మూడు చిన్నకొండలు వరుసగ నున్నవి. ఒకదానిపై క్రైస్తవుల ప్రార్థనామందిరము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల. రేవులోనికి వచ్చు ప్రతి యోడయు, ఏ దేశపుదైనను, ఏ మతమువారిదైనను, ఈ మూడింటి ముందునుండియే పోవలెను.

ఈ కొండల నడుమ పూర్వము రేవు లేదు. మేఘాద్రిగెడ్డ వచ్చి సముద్రమున కలియుచోట ఉప్పుటేరును, చిత్తడినేలయు మాత్రముండెను. ఆంగ్లేయుల వర్తకసంఘమువారు 1682లో ఇచట కోఠీ పెట్టినది మొదలుకొని రెండువందల యేబది యేండ్లవరకు ఓడలన్నియు బయటి సముద్రముననే లంగరు వేసెడివి. సరుకులును, మనుష్యులును మసులా పడవలలో నెక్కి అలలమీదుగ గట్టు చేరవలసి యుండెను. ఆ పడవల పలకలకు మేకులుండవు. కొబ్బరినారత్రాటితో బట్ట కుట్టినట్లు కుట్టెడివారు. మేకులు కొట్టిన గట్టి పడవ అల విసరినప్పుడు పగులును; కుట్టిన పడవ అలతోపాటు వంగి నిలుచును. మన తీరపు జాలరులకు తరతరములుగ వచ్చిన తెలివి యిది.

నేటి రేవునకు మూలమైన యాలోచన మొదటి మహాయుద్ధమునకు ముందే కలిగెను. బ్రిటిషు నౌకాశాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ అను నాతడు, మేఘాద్రిగెడ్డ ముఖమున రేవు త్రవ్వదగునని సూచించెను. అప్పటి మధ్యరాష్ట్రములలో దొరకు మాంగనీసు మున్నగు ఖనిజములు విదేశములకు పోవలెనన్నచో ఇటు కలకత్తాకో, అటు బొంబాయికో చేరవలసి యుండెను. అంత దవ్వు పోనక్కరలేని రేవు నడుమ నొకటి కావలసి యుండెను. ఇంతలో మొదటి మహాయుద్ధము వచ్చుటచే పని నిలిచిపోయినది. తుదకు బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1927లో పని ప్రారంభించి 1933లో ముగించిరి. రాయపూరునుండి విజయనగరమునకు రైలుమార్గము 1931లో పూర్తియగుటచే లోపలి సీమల సరుకునకు దారి తెరచుకొన్నది.

చిత్తడినేలను త్రవ్వి లోతైన కొలను చేయుట, త్రవ్వితీసిన మట్టితో పక్కనున్న పల్లమును పూడ్చి గట్టినేల చేయుట, ఆ నేలపై రైలుపట్టాలు వేయుట - ఇవి మూడును ఒక్కటే పనిగ సాగినవి. దోమలును, మలేరియా జ్వరమును పనివారిని మిక్కిలి బాధించినవి. కొండకును ఉత్తరపు గట్టునకును నడుమ సన్నని కాలువను సముద్రమువరకు త్రవ్విరి. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అను ప్రయాణికుల యోడ ఆ కాలువగుండ తొలిసారి లోనికి వచ్చెను. ఆ సంవత్సరము డిసెంబరు 19న నాటి వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవునకు ప్రారంభోత్సవము జరిపెను. మొదట అందు మూడు ఓడలు నిలుచుటకే చోటుండెను.

కాలువ త్రవ్వుట యొక యెత్తు, దానిని పూడకుండ నిలుపుట యొక యెత్తు. మన తూర్పుతీరమున ఇసుక యొకచోట నిలువదు. నైరృతి ఋతుపవనకాలమున అలలు తీరమునకు ఏటవాలుగ తాకుచు ఇసుకను ఉత్తరమునకు నడపించును. చలికాలమున కొంత వెనుకకు మరలినను, ఏడాది మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే యెక్కువ. ఇట్లు పోవు ఇసుక లక్షల ఘనపు మీటర్లు. దారికడ్డముగ లోతైన కాలువ కనబడగనే అదంతయు అందు పడును. ఊడ్వని వాకిట ఆకులు చేరినట్లు, కొలదికాలములోనే రేవు ముఖము మూసికొనిపోవును.

దీనికి ఇంజనీర్లు చేసిన యుపాయము చక్కగ నున్నది. సరుకులు మోసి ముసలివైన రెండు ఓడలను తెచ్చి, కాలువకు దక్షిణమున ముంచివేసిరి. అవియే గోడయై అలల వేగమును తగ్గించినవి. అలల వేగము తగ్గినచోట ఇసుక కాలువవరకు పోక అక్కడనే దిగబడును. దిగిన యిసుకను త్రవ్వెడు ఓడతో పీల్చి, ఉత్తరపు తీరమున పోయుచుందురు. ఈ పోయుట చాల ముఖ్యము. సహజముగ నడచివచ్చు ఇసుకను రేవు అడ్డగించినది కనుక, ఆ బాకీని మనుష్యుడే తీర్పవలెను. తీర్పనిచో అలలు పట్టణపు తీరమును కోసికొని పోవును. రామకృష్ణా బీచిలో కొన్ని సంవత్సరములు ఇసుక తరిగి, గట్టుగోడ కూలి, దారి క్రుంగుట చూచినవారికి ఇది తెలిసియే యుండును. ఇట్టి పూడికతీత పనులకై 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ సంస్థకు విశాఖయే ముఖ్యస్థానమైనది. తొంబదియేండ్లకు పైగ జరుగుచున్నను ఈ పని ముగియలేదు, ముగియదు కూడ. ఇల్లూడ్చుట ఏనాటికి ముగియును?

బస్తరు సీమయందలి బైలడిల్లా గనులనుండి ఇనుపఖనిజమును జపానునకు పంపుటకై, అరకులోయ మీదుగ కొండలు దొలిచి 1960 తరువాతి దశాబ్దమున రైలుమార్గము వేసిరి. ఆ ఖనిజమును మోయు పెద్ద ఓడలకు లోపలి రేవు చాలలేదు. అందుచే సముద్రములోనికి రాతిగోడలు చాచి, మిక్కిలి లోతైన వెలుపలి రేవును 1976లో నిర్మించిరి. ఇనుము, బొగ్గు అనినంతనే మన కెందుకని సోదరీమణులు పేజీ త్రిప్పరాదు. 1957లో వెలసిన నూనెశుద్ధి కర్మాగారమునకు ముడినూనె ఈ రేవుననే దిగుచున్నది. మన పొయ్యి వెలిగించు వంటగ్యాసు ఈ రేవునకు ఓడలలో వచ్చుచున్నది. నౌకానిర్మాణశాల దాపున, సముద్రమట్టమునకు మిక్కిలి దిగువను, రాతిలో దొలిచిన గుహలయందు 60,000 టన్నుల వంటగ్యాసు నిలువచేయు ఏర్పాటు కలదు. వంటయింటికిని రేవునకును గల చుట్టరికము ఇంత దగ్గరది.

ధాన్యపుగాదె యున్నచోట కావలి యుండక తప్పదు. విశాఖ సముద్రమున ఫిరంగులు మ్రోగుట కొత్త కాదు. 1804 సెప్టెంబరు 15వ తేదీన ఫ్రెంచి నౌకాధిపతి లినోయీ మూడు యుద్ధనౌకలతో వచ్చి, ఇచట లంగరు వేసియున్న ఆంగ్లేయుల యుద్ధనౌక 'సెంచూరియన్'తో పోరాడెను. ఆ పోరులో సరుకుల యోడ యొకటి గట్టునకు కొట్టుకొని పగిలిపోయినది. మరియొక దానిని ఫ్రెంచివారు పట్టుకొనిపోయిరి. అప్పుడు పోరాడిన యిరువాగులును పరదేశులే. నష్టపోయిన సరుకులో మన నేతగాండ్ర, రైతుల కష్టమెంతయుండెనో వ్రాసినవారు లేరు.

రెండవ మహాయుద్ధకాలమున 1942 ఏప్రిల్ 6న జపానుదేశపు విమానములు, నౌకమీదనుండి యెగిరివచ్చి, విశాఖపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ దినమున పట్టణము విడిచి, పసిపిల్లలను చంకనెత్తుకొని, చేతికందినది మూటకట్టుకొని పల్లెలకు పోయిన కుటుంబము లెన్నియో. మన అవ్వలనాటి వారు 'బాంబులయేడు' అని చెప్పుకొనెడి కథలు నేటికిని కొన్ని యిండ్లలో వినవచ్చును. వాకిలి తెరచియున్నచో అతిథియే కాదు, శత్రువును రాగలడని పట్టణమునకు ఆనాడు తెలిసినది.

ఆ యుద్ధపు నడుమనే మరియొక పని మొలకెత్తినది. మన దేశపు ఓడలను మన దేశముననే కట్టవలెనను పట్టుదలతో వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా సంస్థవారు విశాఖలో నౌకానిర్మాణశాలకు పూనుకొనిరి. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాదు గారు శంకుస్థాపన చేసిరి. బాంబుల భయముచే పని కుంటుపడినను ఆగలేదు. 1948 మార్చి 14న 8,000 టన్నుల 'జల ఉష' నీటిలోనికి జారినది. దానిని జారవిడిచినవారు ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు. స్వతంత్రము వచ్చి యేడాదియైన నిండకముందు మన చేతులతో కట్టిన ఓడను కడలిపై చూచి నాటివారు పొందిన యానందమును మనము ఊహించుకొనవచ్చును. 1952లో ఈ సంస్థ హిందూస్థాన్ షిప్‌యార్డు అయి ప్రభుత్వపు చేతిలోనికి వచ్చినది.

రెండవ యుద్ధమునాడే ఇచట నౌకాదళపు స్థావరము వెలసెను. దానికి 'సర్కార్స్' అని పేరు - మన ఉత్తర సర్కారుల పేరు. 1968 మార్చి 1న తూర్పు నౌకాదళ విభాగమునకు విశాఖ ముఖ్యస్థానమైనది. జలాంతర్గాములవారికి శిక్షణ నిచ్చు పాఠశాలకు 'శాతవాహన' అని పేరిడుట తగియున్నది. రెండు తెరచాపకొయ్యలు గల ఓడను నాణెములపై ముద్రించిన రాజులు శాతవాహనులు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు అట్టి నాణెములు మన తీరమున దొరకినవి.

ఇక 1971 సంగతి. పాకిస్థానువారికి 'ఘాజీ' అను జలాంతర్గామి యుండెను. అది పూర్వము అమెరికావారి 'డయాబ్లో'. మన విమానవాహకనౌక 'విక్రాంత్'ను వెదకి ముంచుటకై అది కరాచీనుండి బయలుదేరి, సింహళమును చుట్టి బంగాళాఖాతమునకు వచ్చినది. విక్రాంత్ అప్పటికే అండమాను ప్రాంతమునకు తరలిపోయినను, విశాఖ సమీపమున నున్నదని శత్రువు నమ్మునట్లు మనవారు ఏర్పాట్లు చేసిరి. డిసెంబరు 3వ తేదీ గడచి 4వ తేదీ ప్రవేశించుచుండగ, అర్ధరాత్రమున గొప్ప ప్రేలుడు వినబడెను. తీరమున ఇండ్ల కిటికీల అద్దములు కంపించినవి. తెల్లవారిన పిదప నీటిపై నూనెయు, శకలములును కనబడెను. 'రాజ్‌పుత్' అను మన నౌక విడిచిన బాంబులచే అది మునిగినదని మనవారును, తాను పరచిన మందుపాతరలచే లోననే ప్రేలినదని వారును చెప్పుదురు. ఎట్లు మునిగినను, అందున్న తొంబదిమందికి పైగ నావికులలో ఒక్కడును బ్రతుకలేదు.

ఆ రాత్రి రేవు కాపాడబడినది. మన పట్టణములోని తల్లులు తెల్లవారి లేచి పిల్లలకు అన్నము పెట్టగలిగిరి. ఆ తొంబదిమంది తల్లులకో, ఏ లేఖయు రాలేదు. ఇది జరిగిన అయిదు దినములకే, డిసెంబరు 9న, పడమటి సముద్రమున మన 'ఖుక్రీ' నౌకను శత్రువుల జలాంతర్గామి ముంచివేసెను. 18 మంది అధికారులును, 176 మంది నావికులును దానితో మునిగిపోయిరి. నౌకాధిపతి కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తాను తప్పించుకొనక నౌకతోడనే మునిగెను. దుఃఖమునకు సరిహద్దులు లేవు. ఘాజీ నేటికిని విశాఖ రేవునకు అనతిదూరమున కడలియడుగున నున్నది. 2024లో మన నౌకాదళపువారు సముద్రగర్భమున దానిని గుర్తించి, మృతవీరులయెడ గౌరవముచే తాకక విడిచిరి. గెలిచినవాడు శత్రువు సమాధిని తాకకుండుట మన సంప్రదాయమునకు తగిన పని. పిల్లలకు విజయస్తూపమును చూపునప్పుడు ఈ మాటయు చెప్పవలెను.

తీరమున గట్టెక్కించి నిలిపిన 'కుర్సురా' జలాంతర్గామిని చూడని యాత్రికులు అరుదు. 1969 డిసెంబరు 18న సోవియట్ దేశమున మన జెండా నెత్తిన ఈ నౌక 31 సంవత్సరములు సేవచేసి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పొందెను. 2002లో ప్రదర్శనశాలగ మారినది. మూడువందల యడుగుల పొడవు. లోన ఇరువురు ఎదురెదురుగ నడచుట కష్టము. అందు సుమారు 75 మంది వారముల తరబడి నివసించెడివారు. టార్పీడోల సరసనే పడుకలు. వంటకు ఒక చిన్న గది. మంచినీటిని కొలిచి వాడుకొనవలసినదే. స్నానము మాట తలపరాదు. పగలో రాత్రియో గడియారము చూచి తెలిసికొనవలెను. ఆ వంటగది ముందు నిలిచినప్పుడు, ఇంతమందికి ఇంతచోట ఎట్లు వండిరో యని ఆలోచింపని గృహిణి యుండదు.

లోననున్నవారి కష్టము కన్నుల కగపడును. గట్టుననున్నవారి కష్టము అగపడదు. జలాంతర్గామి పోయిన దారి యింటివారికి తెలియదు. ఎప్పుడు వచ్చునో చెప్పరు. ఈలోపల బిడ్డ పుట్టవచ్చును, మామగారికి జబ్బు చేయవచ్చును. అన్నిటిని ఇల్లాలే చూచుకొనవలెను. తుపాను దినములలో ఇది మరింత కఠినము. గాలివాన వచ్చుచున్నదని తెలిసినచో యుద్ధనౌకలను రేవునుండి నడిసముద్రమునకు పంపుట వాడుక. గట్టునకు కట్టియుంచిన ఓడ ఆ గట్టునకే కొట్టుకొని పగులును. అనగా ఊరికి ఆపద వచ్చువేళకే నావికుడు ఇల్లు విడిచిపోవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొనిపడి, చెట్లను కూల్చి, దినముల తరబడి దీపములును నీరును లేకుండ చేసినప్పుడు, భర్తలు కడలిపైనుండగ పిల్లలతో తలుపులు బిగించుకొని కూర్చున్న స్త్రీలు కలరు. వారికి పతకములు లేవు. వారును రేవు కాపరులే.

ఇప్పుడు స్త్రీ గట్టున నిరీక్షించుటతో నిలువలేదు. ఓడను నీటిలోనికి విడుచునప్పుడు స్త్రీచేత మంగళకార్యము చేయించుట నౌకాదళపు ఆచారము. 2009 జూలై 26న విశాఖలో మన తొలి అణుజలాంతర్గామి 'అరిహంత్'కు గురుశరణ్ కౌర్ గారు కొబ్బరికాయ కొట్టిరి. కొబ్బరికాయ కొట్టిన చేతులే చుక్కానియు పట్టినవి. 1992 మొదలు స్త్రీలు నౌకాదళమున అధికారులుగ చేరుచున్నారు. 2022 నుండి నావికులుగను చేర్చుకొనుచున్నారు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు 'తారిణి' అను చిన్న తెరచాప నౌకలో గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న క్షేమముగ తిరిగివచ్చిరి. మొత్తము 254 దినములు. సుమారు 21,600 నావికపు మైళ్ళు. వర్తికా జోషి గారు నాయకురాలు. ఆ యార్గురిలో స్వాతి గారు విశాఖ ఆడపడుచు. ఐశ్వర్య గారు హైదరాబాదు ఆడపడుచు. దక్షిణ మహాసముద్రమున ఎముకలు కొరుకు చలిలో, మేడలవంటి అలలపై, వంతులవారీగ కావలి కాచుచు, వండుకొనుచు, చినిగిన తెరచాపలు కుట్టుకొనుచు వారు సాగిరి. వంటయు, కుట్టుపనియు తెలిసిన చేతులకు కడలియు లొంగినది.

కావున సోదరీమణులారా! ఈసారి విశాఖ పోయినప్పుడు పిల్లలకు ఓడలను చూపుటతో ఊరకొనకుడు. కొండను చూపి, అది అలల నెట్లు కాచుచున్నదో చెప్పుడు. ఇసుక నడచు తీరు చెప్పుడు. దానిని ప్రతియేడును తోడిపోయుచున్నవారిని గూర్చి చెప్పుడు. కుర్సురా యెక్కినప్పుడు ఆయుధముల పేర్లతోపాటు ఆ చిన్న వంటగదినికూడ చూపుడు. విజయమును గూర్చి చెప్పునప్పుడు కడలియడుగున నిద్రించుచున్న ఇరుదేశముల బిడ్డలను గూర్చియు చెప్పుడు. ఆడపిల్ల యుండినచో, భూమిని చుట్టివచ్చిన స్వాతిగారిది ఈ యూరేయని చెప్పి, ఆ పిల్ల కన్నులలోనికి ఒక్కసారి చూడుడు. అంత చెప్పుటకు అరగంట చాలును. రేపు ఈ రేవును ఊడ్చుకొని, కాచుకొనవలసినవారు ఆ పిల్లలే.